ప్రీబిల్ట్ పీసీలో బయోస్ మార్చే ముందు: మీ వారంటీ నంబరు కూడా ఆ చిప్‌లోనే ఉంది

కంపెనీయే బిగించి అమ్మే కంప్యూటర్ (ప్రీబిల్ట్ పీసీ, ల్యాప్‌టాప్) ఏది కొన్నా వెనకో అడుగునో ఒక స్టిక్కర్, దాని మీద ఒక నంబరు ఉంటాయి. డెల్ వాళ్లు దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, మిగతావాళ్లు సీరియల్ నంబరు అంటారు, వారంటీ అంతా దాని మీదే నడుస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది ఏంటంటే అదే నంబరు మదర్‌బోర్డు మీద చిటికెన వేలి గోరంత ఉండే ఎనిమిది కాళ్ల చిప్‌లో కూడా రాసి ఉంటుంది, బయోస్ పక్కనే. బయోస్ అంటే ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం. సర్వీసుకొచ్చిన కుర్రాడు స్టిక్కర్ చూసి ఊరుకోడు, ఆన్ చేసి ఎఫ్2 కొట్టి స్క్రీన్ మీద నంబరు కూడా చూస్తాడు. బయోస్ మోడ్ చేయడమంటే, అంటే దాన్ని సొంతంగా మార్చుకోవడమంటే, మీరు చెరిపి మళ్లీ రాసేది ఆ చిప్‌నే.

నాకిది నష్టపోయాకే తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను (కంపెనీ పేరెందుకులెండి), వారంటీ ఇంకా నాలుగు నెలలుంది. లోపల వైఫై కార్డు తీసి మంచిది పెడదామంటే ఒప్పుకోలేదు, తమ జాబితాలో లేని కార్డు పెడితే బూట్ కాకుండా ఆపేసే ఏర్పాటు బయోస్‌లోనే ఉంది. ఎవరో అదే మోడల్‌కి ఆ జాబితా తీసేసిన ఫైల్ నెట్‌లో పెడితే దించుకుని చిప్ మొత్తం మీద కొట్టేశాను. వైఫై బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ సంతోషం రాత్రి వరకే. చూస్తే సీరియల్ నంబరు నాది కాదు, ల్యాన్ పోర్టు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్‌ని గుర్తుపట్టే నంబరు) నాది కాదు, విండోస్ యాక్టివేషన్ ఎగిరిపోయింది. ఆ ఫైల్ పెట్టినాయన తన చిప్ కాపీనే మార్చి పెట్టాడు, నేనేమో నా మెషీన్ గుర్తింపు చెరిపేసి ఆయనది తగిలించుకున్నాను. రెండు నెలలకి స్క్రీన్ పోయింది. స్క్రీన్‌కీ బయోస్‌కీ ఏ సంబంధమూ లేదు, అయినా నంబర్లు కలవట్లేదని సర్వీస్ సెంటర్‌లో పక్కన పెట్టేశారు. వాళ్లని తప్పుపట్టలేను కూడా, వాళ్ల కంప్యూటర్‌లో చూస్తే అది వేరే ఎవరి మెషీనో.

కాబట్టి ఈ గైడ్‌లో ఎలా మార్చాలి అన్నదానికన్నా వెనక్కి ఎలా రావాలి అన్నదే ఎక్కువ ఉంటుంది.

ఆ చిప్‌లో ఏముంటుంది

ఇది ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్. ఈమధ్య మెషీన్లలో ఎక్కువగా 16 ఎంబీ లేదా 32 ఎంబీది ఉంటుంది. చిప్ మీద 25క్యూ128 లాంటి నంబరు కనిపిస్తే ఆ 128 మెగాబిట్లు, అంటే 16 మెగాబైట్లు. ఇంటెల్ మెషీన్లలో దీన్ని గదుల్లా విడగొడతారు: ముందు డిస్క్రిప్టర్ అనే చిన్న ముక్క, అందులో ఏ గది ఎక్కడుంది, ఎవరు రాయొచ్చు అన్న వివరాలు. ఇంకోదాంట్లో మేనేజ్‌మెంట్ ఇంజిన్, అంటే ఇంటెల్ చిప్‌సెట్‌లో విడిగా నడిచే సాఫ్ట్‌వేర్. అలాగే, చాలా ఇంటెల్ ల్యాన్ ఉన్న బోర్డుల్లో, మ్యాక్ అడ్రస్ ఉండే చిన్న గది. మిగిలిన పెద్ద భాగం బయోస్, అంటే ఈ రోజుల్లో యూఈఎఫ్‌ఐ. ఆ పెద్ద గదిలోనే మీ సెట్టింగ్స్, సీరియల్ నంబరు, కంపెనీ వేసిచ్చిన విండోస్ కీ ఉంటాయి. నెట్‌లో దొరికే 'ఫుల్ డంప్' (ఒకరి చిప్ మొత్తం కాపీ) ఫైల్ ఎందుకు ప్రమాదమో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అన్ని మార్పులూ ఒకటి కాదు

'బయోస్ ముట్టుకుంటే వారంటీ పోతుంది' అని షాపులో చెప్తారు, అది సగం మాటే. కంపెనీ తన సైట్‌లో మీ మోడల్‌కి పెట్టిన అప్‌డేట్‌ని కంపెనీ చెప్పిన పద్ధతిలో వేస్తే వారంటీకి ఏమీ కాదు, పైగా ఒక్కోసారి వేయకపోతేనే నష్టం. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతే చూడండి. వోల్టేజీ ఎక్కువ అడిగి చిప్ మెల్లగా పాడైపోయే సమస్యకి 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణ), సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ వచ్చాయి. అవి మీ మెషీన్‌కి చేరేది బయోస్ అప్‌డేట్ రూపంలోనే. అప్పటికే పాడైన చిప్ దాంతో బాగవదు, ఇంకా పాడవని దాన్ని కాపాడుతుందంతే. డబ్బాలో విడిగా అమ్మిన ఆ ప్రాసెసర్లకి ఇంటెల్ మూడేళ్ల వారంటీని ఇంకో రెండేళ్లు పెంచింది కూడా. ప్రీబిల్ట్ కొన్నవాళ్లు మాత్రం వెళ్లాల్సింది ఇంటెల్ దగ్గరికి కాదు, పీసీ అమ్మిన కంపెనీ దగ్గరికి.

అయితే కంపెనీ పెట్టిన ఫైల్‌లో కూడా ఒక మెలిక ఉంది, బీటా, అంటే ఇంకా పరీక్షల్లో ఉన్న వెర్షన్. 2023లో ఏఎండీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని బోర్డుల మీద కాలిపోయినప్పుడు ఏసుస్ హడావుడిగా బీటా బయోస్ ఇచ్చింది, దాని పక్కనే ఇది వాడితే వారంటీ పోవచ్చు అన్న అర్థంలో ఒక మాట కూడా పెట్టింది. కాలిపోకుండా ఉండాలంటే ఇది వేసుకోండి, వేసుకుంటే వారంటీ మీ ఇష్టం, అన్నట్టయింది. జనం గొడవ చేశాక వెనక్కి తగ్గి, బీటా వాడినా వారంటీ ఉంటుందని ప్రకటించింది. అందుకే ఏ ఫైల్ దించుకున్నా ఆ పేజీలో ఉన్న చిన్నక్షరాలు కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీ కనిపించేలా.

కంపెనీ అప్‌డేట్ మొదటి రకం అనుకుంటే రెండో రకం, బయోస్ మెనూలో కనిపించే సెట్టింగులే మార్చడం. ఫ్యాను, బూట్ వరుస, వర్చువలైజేషన్ లాంటివి ఎవరూ పట్టించుకోరు. ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడం, వేరే కథ. మెమరీకి ఎక్స్ఎంపీ, ఎక్స్‌పో (ముందే రాసిపెట్టిన ఎక్కువ వేగం సెట్టింగులు) ఆన్ చేయడం కూడా లెక్క ప్రకారం ఓవర్‌క్లాకింగే. దానివల్ల జరిగిన నష్టానికి మా వారంటీ వర్తించదని ఏఎండీ రాసుకుంది. థ్రెడ్‌రిప్పర్ 7000 ప్రాసెసర్లలోనైతే ఓవర్‌క్లాక్ ఆన్ చేస్తే లోపల ఒక ఫ్యూజు కాలి శాశ్వతంగా గుర్తు ఉండిపోతుందని 2023లో బయటికొచ్చింది. ఏఎండీ ఇచ్చిన వివరణ మాత్రం గమనించాలి: ఓవర్‌క్లాక్ చేసినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు, ఓవర్‌క్లాక్ వల్లే జరిగిన నష్టానికి వర్తించదు. వారంటీ గొడవలన్నిటిలో అసలు ప్రశ్న ఇదే, కింద మళ్లీ వస్తుంది.

మూడోది దాచిపెట్టిన సెట్టింగులు. ల్యాప్‌టాప్ వేడి తగ్గడానికి వోల్టేజీ కొంచెం తగ్గించే అలవాటు చాలామందికి ఉండేది. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక కంపెనీలు బయోస్ అప్‌డేట్లలో ఆ దారి మూసేశాయి. దాన్ని మళ్లీ తెరవడానికి పెన్‌డ్రైవ్ నుంచి మార్చిన గ్రబ్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ ప్రోగ్రాం) బూట్ చేసి సెటప్‌వార్ కమాండ్‌తో ఫలానా స్థానంలో ఉన్న ఒక్క బైట్ మారుస్తారు. ఫ్లాష్ చేయక్కర్లేదు (చిప్ తిరగరాయక్కర్లేదు) కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది కానీ ఆ స్థానం బయోస్ వెర్షన్ మారితే మారిపోతుంది. పక్కింటి బైట్ మార్చారంటే తెర వెలగదు. పైగా అది ఫ్లాష్ చిప్‌లోనే ఉంటుంది కాబట్టి సీమాస్ సెల్ (బోర్డు మీదుండే గుండ్రటి బ్యాటరీ) పీకి పెట్టినా పోకపోవచ్చు. మీ వెర్షన్ బయోస్ ఫైల్‌నే మీరు విప్పి స్థానం చూసుకోవాలి తప్ప ఎవరో వీడియోలో చెప్పిన నంబరు కొట్టొద్దు.

నాలుగోది బయోస్ ఫైల్‌నే మార్చి చిప్‌లోకి ఎక్కించడం, ఐదోది కంపెనీ బయోస్ తీసేసి కోర్‌బూట్ లాంటి ఓపెన్‌సోర్స్ బయోస్ పెట్టడం. వారంటీ గురించి నిజంగా భయపడాల్సింది ఈ రెంటికే. కోర్‌బూట్ 1999లో లాస్ అలమోస్ ల్యాబ్‌లో లినక్స్‌బయోస్ పేరుతో మొదలైంది, 2008లో పేరు మారింది. అది కావాలంటే పాత థింక్‌ప్యాడ్ ఎక్స్230, టీ430 లాంటివి వారంటీ ఎప్పుడో తీరిపోయినవి తీసుకోవడం, లేదా సిస్టమ్76, ప్యూరిజం లాంటి కంపెనీలు దాన్నే వేసి అమ్మే మోడళ్లు కొనడం మేలు. నిన్న కొన్న మెషీన్ మీద ప్రయోగాలు వద్దు.

అసలు మార్చాలా

మీకు కావాల్సింది బయోస్ మోడా, లేక మోడ్ వల్ల వచ్చే పనా? చాలాసార్లు ఆ పని బయటినుంచే అయిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీ, బెంగళూరు ఎస్పీ రోడ్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో ఎక్కడ చూసినా దొరికే పాత డెల్ ఆప్టిప్లెక్స్ 7010, 9020 డబ్బాలు తీసుకోండి. వీటిలో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని (కొత్త రకం వేగమైన డిస్క్) ఒక అడాప్టర్ కార్డులో పెట్టి వాడుకోవచ్చు, విండోస్‌కి కనిపిస్తుంది, కానీ బూట్ కాదు, ఎందుకంటే బయోస్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ లేదు. ఆ డ్రైవర్‌ని బయోస్‌లోకి దూర్చడం ఒక దారి. చిన్న పెన్‌డ్రైవ్‌లో క్లోవర్ బూట్‌లోడర్ వేసి, అందులో ఉన్న ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్‌ని వెనక పోర్టులో వదిలేయడం ఇంకో దారి. రెండో దారిలో చిప్‌ని ముట్టుకోనేలేదు. పెన్‌డ్రైవ్ పీకేస్తే మెషీన్ మళ్లీ షాపు నుంచి వచ్చినట్టే ఉంటుంది. నేనైతే ఎవరడిగినా ముందు ఇదే చెప్తాను, కొంచెం చిన్నబుచ్చుకుంటారు, బయోస్ మోడ్ అంటే ఉన్న కిక్కు ఇందులో లేదు మరి.

అలాగే బూట్ లోగో మార్చాలంటే థింక్‌ప్యాడ్లలో కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్ ఫోల్డర్‌లోనే సొంత బొమ్మ పెట్టుకునే వీలుంటుంది. వైఫై కావాలంటే యూఎస్‌బీ డాంగిల్ ఉంది. ఇన్ని దారులు మూసుకుపోయాకే ముందుకెళ్లండి.

తాళం ఉందో లేదో చూడండి

ఇది దాటేసి చాలామంది మునిగిపోయారు. ఇంటెల్ 4వ తరం నుంచి, అంటే 2013 నుంచి, బూట్ గార్డ్ అనేది వచ్చింది. కంపెనీ తన తాళంచెవి ముద్రని చిప్‌సెట్‌లో ఫ్యూజులతో కాల్చి పెడుతుంది, ఆన్ చేయగానే బయోస్ మొదటి భాగం మీద సంతకం సరిపోకపోతే మెషీన్ లేవదు. ఫ్యూజులు కాల్చాక కంపెనీ కూడా మార్చలేదు. ఏఎండీలో ఇలాంటిదే ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్, అదైతే కొన్ని మెషీన్లలో ప్రాసెసర్‌నే ఆ కంపెనీకి కట్టేస్తుంది, ఆ ప్రాసెసర్ తీసి వేరే కంపెనీ బోర్డులో పెడితే పనిచేయదు. హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో ష్యూర్ స్టార్ట్ ఉంటుంది, బయోస్ మారిందని కనిపెట్టి దాచుకున్న కాపీ నుంచి తనే పాతది తిరిగి రాసేస్తుంది, జరిగినట్టు లాగ్‌లో కూడా వేసుకుంటుంది.

తెలుసుకోవడం కష్టం కాదు. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి టెర్మినల్‌లో ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎంజీఆర్ కమాండ్‌ని సెక్యూరిటీ అనే మాటతో కలిపి కొట్టండి, వచ్చే జాబితాలో బూట్‌గార్డ్ అన్న వరుసలు ఉంటాయి. అక్కడ ఎనేబుల్డ్ అనీ, వెరిఫైడ్ బూట్ వరుసలో వాలిడ్ అనీ ఉంటే బయోస్ ఫైల్ మార్చే ఆలోచన అక్కడితో మానేయండి. ఈమధ్య కంపెనీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇదే పరిస్థితి. ఆప్టిప్లెక్స్ 9020 లాంటి పాతవాటికి ఆ బెడద లేదు, అందుకే వాటి మీద ఇంతమంది ప్రయోగాలు చేస్తున్నారు.

చేసే పద్ధతి

అన్నిటికన్నా ముందు బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కి వేసే తాళం. కంట్రోల్ ప్యానెల్‌లో ఆన్ అని ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, ప్రొటెక్షన్ సస్పెండ్ చేయండి. కంపెనీ అప్‌డేట్‌కి కూడా ఇది తప్పదు. నేను బిట్‌లాకర్ పెట్టలేదే అంటారు, విండోస్ 11 ఈమధ్య వెర్షన్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చెప్పకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టేస్తున్నాయి. బయోస్ మారగానే ఆ తాళంచెవి దాచుకునే టీపీఎం అనే భద్రతా చిప్ కీ ఇవ్వనంటుంది, నీలం తెర వచ్చి 48 అంకెలు అడుగుతుంది. ఆ కీ లేక డేటా మొత్తం పోగొట్టుకున్నవాళ్లుంటారు, మెషీన్‌కి మాత్రం ఏమీ కాలేదు.

రెండోది, వెనక్కి రావడానికి దారి ఉందా అన్నది. కొన్ని మోడళ్లు కొత్త వెర్షన్ ఎక్కాక పాతదానికి దిగనివ్వవు. థింక్‌ప్యాడ్లలో సెక్యూర్ రోల్‌బ్యాక్ ప్రివెన్షన్ అనీ, డెల్‌లో అలౌ బయోస్ డౌన్‌గ్రేడ్ అనీ సెట్టింగులు ఉంటాయి, ముందే చూసుకోండి. కొత్త వెర్షన్ మీకున్న దారి మూసేస్తుందేమో కూడా చదవండి, వోల్టేజీ తగ్గించుకునే వెసులుబాటు అలాగే పోయింది.

మూడోది బ్యాకప్, దీని దగ్గర తొందరపడొద్దు. సాఫ్ట్‌వేర్‌తో చదివితే మేనేజ్‌మెంట్ ఇంజిన్ గది తాళం వేసి ఉండొచ్చు, మొత్తం రాకపోవచ్చు. ఆప్టిప్లెక్స్ బోర్డు మీద సర్వీస్ మోడ్ అని రాసి ఉన్న రెండు పిన్నుల మధ్య జంపర్ పెట్టి ఆన్ చేస్తే ఆ డిస్క్రిప్టర్ తాళం తెరుచుకుంటుంది, అప్పుడు లినక్స్‌లో ఫ్లాష్‌రామ్ అనే ప్రోగ్రాంతో లోపలినుంచే చదవొచ్చు. అలాంటి జంపర్ లేని మెషీన్లకి సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌ని బయటినుంచి చదివి రాసే పరికరం), ఎనిమిది కాళ్ల చిప్‌ని పట్టుకునే క్లిప్ కావాలి, రెండూ కలిపి వందల్లోనే వస్తాయి.

ఈ ప్రోగ్రామర్‌తో ఒక తిరకాసు ఉంది. మామూలుగా దొరికే నల్ల బోర్డు సీహెచ్341ఏలో చిప్‌కి కరెంటు 3.3 వోల్టులే ఇచ్చినా డేటా తీగల మీద 5 వోల్టులు వస్తాయి. చాలా చిప్‌లు ఓర్చుకుంటాయి, అన్నీ ఓర్చుకోవు. కొత్త ల్యాప్‌టాప్‌లలో 1.8 వోల్టుల చిప్‌లు ఉంటాయి, వాటికి విడిగా 1.8 వోల్టుల అడాప్టర్ పెట్టకపోతే చిప్‌తో పాటు దాని వెనకున్న చిప్‌సెట్‌కే ఎసరు. చిప్ మీద నంబరు చదివి డేటాషీట్‌లో వోల్టేజీ చూశాకే క్లిప్ తగిలించండి. కాళ్లే లేకుండా బోర్డుకి అంటుకుపోయినట్టున్న చిప్ అయితే క్లిప్ పట్టదు, అక్కడితో ఆపేయండి. పవర్ కార్డు, బ్యాటరీ, సీమాస్ సెల్ మూడూ తీసేయాలి. చిప్ మీదున్న చిన్న చుక్క మొదటి కాలు, క్లిప్‌లో ఎర్ర తీగ అటువైపు రావాలి.

చదివిన ఫైల్ ఒకటి చాలదు. మూడుసార్లు చదివి మూడింటికీ హ్యాష్ (ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే గుర్తు) చూడండి, మూడూ ఒకటే వస్తేనే అది బ్యాకప్. క్లిప్ వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఫైల్ సైజు సరిగ్గానే వస్తుంది, లోపల చెత్త ఉంటుంది. కొన్ని బోర్డుల మీద రెండు చిప్‌లు ఉంటాయి, రెండూ విడివిడిగా చదవాలి. ఆ ఫైల్ పేరులో మోడల్, బయోస్ వెర్షన్, సర్వీస్ ట్యాగ్ రాసి, ఆ మెషీన్‌లో కాకుండా ఇంకో రెండు చోట్ల దాచండి. మెషీన్‌లోనే దాచిన బ్యాకప్ బావిలో పడ్డవాడి జేబులో ఉన్న తాడు లాంటిది.

ఇప్పుడు మోడ్. ఆప్టిప్లెక్స్‌కి ఎన్‌వీఎంఈ ఉదాహరణే చెప్తాను. మీ చిప్ నుంచి మీరు తీసిన ఫైల్‌నే తీసుకోండి, నెట్‌లో దొరికింది కాదు. బయోస్ ఫైల్ విప్పే యూఈఎఫ్‌ఐటూల్ అనే ప్రోగ్రాం పాత తరం, 0.28 వెర్షన్‌తో తెరవండి, కొత్త తరంది చూడటానికే తప్ప మార్చడానికి పనికిరాదు. డీఎక్స్ఈ డ్రైవర్లు (బూట్ అయ్యేటప్పుడు బయోస్ నడిపే డ్రైవర్లు) ఉన్న వాల్యూమ్‌లో చివరి డ్రైవర్ తర్వాత ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఫైల్‌ని చేర్చి సేవ్ చేయండి. సేవ్ చేశాక పాత ఫైల్, కొత్త ఫైల్ పక్కపక్కన తెరిచి ప్యాడ్‌ఫైల్ అని ఉన్న, ఖాళీ పూరించే ముక్కలు రెంటిలో అవే చోట్ల, అవే సైజుల్లో ఉన్నాయో లేదో పోల్చండి. ఒకటి కొత్తగా పుట్టినా, ఉన్నది మాయమైనా ఆ ఫైల్ చిప్‌లోకి ఎక్కించొద్దు.

రాసేటప్పుడు బయోస్ గది మాత్రమే రాయండి, డిస్క్రిప్టర్, మేనేజ్‌మెంట్ ఇంజిన్, మ్యాక్ ఉన్న గదుల జోలికి పోవద్దు. కరెంటు సంగతి చెప్పక్కర్లేదు, ఎండాకాలం సాయంత్రం గాలివాన మబ్బు పట్టినప్పుడు ఈ పని మొదలుపెట్టేవాడికి ఏం చెప్పినా వినడు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ నిండుగా ఉండి ఛార్జర్ కూడా పెట్టి ఉండాలి. రాశాక మళ్లీ చదివి రాసినదాంతో పోల్చండి, ఆ తర్వాతే రీస్టార్ట్. మొదటిసారి తెర నల్లగా ఒకట్రెండు నిమిషాలు ఉండొచ్చు, మెమరీ కొత్తగా సరిచూసుకుంటుంది, కంగారుపడి బటన్ నొక్కొద్దు.

లేవకపోతే

కంపెనీ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయినట్టయితే చాలావాటికి సొంత రికవరీ ఉంటుంది. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కి పట్టుకుని పవర్ ఇవ్వాలి, హెచ్‌పీలో విండోస్ బటన్, బీ కలిపి నొక్కి పవర్ బటన్ రెండుమూడు సెకన్లు పట్టుకోవాలి, పెన్‌డ్రైవ్‌లో కంపెనీ బయోస్ ఫైల్ పెట్టి ఉంచితే ఇంకా మంచిది. దానికీ లొంగకపోతే మీ బ్యాకప్, ప్రోగ్రామర్. అదీ చేతకాకపోతే సీటీసీలో చిప్ లెవెల్ పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి, కానీ మీ బ్యాకప్ ఫైల్ ఇచ్చి ఇదే ఎక్కించమని చెప్పండి. ఫైల్ ఇవ్వకపోతే అదే మోడల్‌ది తమ దగ్గరున్నది ఎక్కిస్తారు, మెషీన్ లేస్తుంది, నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. వారంటీలో ఉన్న మెషీన్ అయితే అక్కడికి వెళ్లడమే ఇంకో సమస్య, చిప్ కాళ్ల దగ్గర ఫ్లక్స్ (సోల్డరింగ్‌లో వాడే పదార్థం) మరక ఒక్కటి చాలు, బయటివాళ్లు చేయి పెట్టారని కంపెనీవాళ్లు పట్టేస్తారు.

వారంటీ దగ్గరికొస్తే

వారంటీ కాగితాల్లో మామూలుగా ఉండే మాట ఏంటంటే తయారీ లోపాలకి మేం బాధ్యులం, అనధికార మార్పుల వల్ల వచ్చిన నష్టానికి కాదు. ఆ 'వల్ల' అన్న మాట ముఖ్యం. మోడ్ చేసిన బయోస్ వల్ల బోర్డు పోతే అది మీ ఖర్చే, దాని మీద వాదన పెట్టుకుని లాభం లేదు. కీబోర్డు బటన్ ఊడినా, హింజ్ విరిగినా, ఎస్‌ఎస్‌డీ పోయినా బయోస్‌తో సంబంధం ఏంటని అడగడం మీ హక్కు. కాకపోతే మీ కాగితంలో సరిగ్గా ఏం రాసుందో చదివి అడగండి, కొందరు 'వల్ల' అని రాయకుండా మార్పు చేస్తే మొత్తం వారంటీ రద్దు అని కూడా రాస్తారు.

సర్వీసుకి ఇచ్చే ముందు బ్యాకప్ నుంచి పాత బయోస్ తిరిగి పెట్టేయడం తప్పేమీ కాదు, మీ మెషీన్ మీరు మొదటి స్థితికి తెచ్చారు అంతే, పైగా వాళ్ల టెస్టింగ్ టూల్స్ కూడా సరిగ్గా పనిచేస్తాయి. కానీ మోడ్ వల్లే చెడగొట్టుకుని, ఏమీ చేయలేదు సార్ దానంతటదే పోయింది అనడం వేరే పని, అది నేను చేయను, చేయమనను. కుదరదు కూడా చాలాసార్లు: చచ్చిన బోర్డులో చిప్ చదివితే మీరు రాసింది అలాగే ఉంటుంది, ఈవెంట్ లాగ్‌లు ఉంటాయి, మూత తెరిచినట్టు చెప్పే సెన్సార్ ఉంటుంది.

మన దగ్గర వారంటీకంటూ విడిగా చట్టం లేదు, ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువగా వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద చూస్తారు. వస్తువుని మార్చినట్టయితే అమ్మినవాడి మీద ప్రాడక్ట్ లయబిలిటీ దావా నిలవదని అందులో 87వ సెక్షన్ చెప్తుంది, అది మనకి ప్రతికూలం. అనుకూలంగా ఉన్నది ఏంటంటే లోపం ఏంటో తేలకపోతే వస్తువుని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించే అధికారం వినియోగదారుల కమిషన్‌కి ఉంది. సంబంధం లేని పార్టుకి వారంటీ ఇవ్వమంటే ముందు కాల్ సెంటర్‌తో తగాదా మానేసి, నిరాకరణ కారణం ఈమెయిల్‌లో రాసివ్వమనండి. 'బయోస్ మార్చారు కాబట్టి స్క్రీన్ ఇవ్వం' అని రాతలో పెట్టమంటే చాలామంది మెత్తబడతారు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, దాంతోనూ తేలకపోతే జిల్లా కమిషన్. ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి పరిస్థితి కొంచెం మెరుగు. అక్కడ 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఉంది, ఫలానా కంపెనీ పార్టే వాడాలి, మా దగ్గరే రిపేర్ చేయించాలి, లేకపోతే వారంటీ లేదు అనడం కుదరదు. బయటి పార్టు వాడితేనో స్టిక్కర్ చింపితేనో వారంటీ రద్దు అని రాసే కంపెనీల్లో ఆరింటికి అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 2018లో హెచ్చరిక లేఖలు పంపింది, 2024 జూలైలో గిగాబైట్, ఏఎస్‌రాక్, జోటాక్‌లకి కూడా పంపింది. అయినా మీ మార్పు వల్లే చెడిపోయిందని వాళ్లు చూపించగలిగితే అక్కడా మీ ఖర్చే. అక్కడ కొని ఇక్కడికి తెచ్చుకున్న మెషీన్ అయితే ఆ మోడల్‌కి ఇంటర్నేషనల్ వారంటీ ఉందో లేదో ముందు చూడండి, లేకపోతే ఈ చర్చే అనవసరం.

చివరిగా ఇంకొకటి, వారంటీలోనే బోర్డు మార్చారనుకోండి. కొత్త బోర్డు చిప్‌లో మీ సర్వీస్ ట్యాగ్ ఉండదు, వచ్చిన టెక్నీషియన్ దాన్ని రాయాలి, కొందరు మర్చిపోతారు. కాల్ క్లోజ్ చేయడానికి ఓటీపీ అడిగినప్పుడు ఇచ్చేయకుండా ఆయన ముందే ఎఫ్2 కొట్టి స్క్రీన్ మీద నంబరు, స్టిక్కర్ మీద నంబరు ఒకటేనా చూడండి, విండోస్ యాక్టివేట్ అయి ఉందా చూడండి. మీ పాత బ్యాకప్ ఫైల్ మాత్రం ఈ కొత్త బోర్డులో ఎక్కించొద్దు, అది పాత బోర్డు మ్యాక్ అడ్రస్, పాత బోర్డు ఇంజిన్ డేటా. కొత్త బోర్డుకి మళ్లీ మూడుసార్లు చదివి, హ్యాష్ చూసి, కొత్త పేరుతో ఇంకో ఫైల్ తీసిపెట్టుకోండి.